ఆస్ట్రల్: జన్యువృక్షాల తగవు తీర్చే సాఫ్ట్‌వేర్

నెల్లూరులో డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం బోధించే నేను, వేర్వేరు జన్యువులు చూపే వంశవృక్షాలను (జన్యువృక్షాలను) కలిపి జాతుల అసలు వంశవృక్షాన్ని (జాతివృక్షాన్ని) అంచనా వేసే, 2014లో వెలువడిన ఆస్ట్రల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను కొంతకాలంగా తరగతిలో వాడుతున్నాను. ఒక్కో జన్యువు ఒక్కో వంశవృక్షాన్ని చూపుతుందంటే పిల్లలు ఓ పట్టాన నమ్మరు. మనిషికి చింపాంజీయే దగ్గరి చుట్టమైనా, గొరిల్లా జన్యుపదార్థంలో దాదాపు 30 శాతం చోట్ల, ఆ రెండింటి మధ్య ఉన్న దగ్గరితనం కంటే వాటిలో ఏదో ఒకదానితో గొరిల్లాకున్న దగ్గరితనమే ఎక్కువని 2012లో తేలింది. ఉమ్మడి పూర్వీకులలో ఒకే జన్యువుకు ఉన్న వేర్వేరు రూపాలు, జాతులు విడిపోయే నాటికి ఇంకా ఏరుపడక కలగలిసే ఉండడమే ఇందుకు ముఖ్య కారణం.

ఆస్ట్రల్ జాతులను నాలుగేసి చొప్పున తీసుకుని, వాటికి సాధ్యమయ్యే మూడు అమరికలలో ప్రతిదానికీ ఎన్ని జన్యువృక్షాల మద్దతు ఉందో లెక్కగట్టి, మొత్తం మీద అత్యధిక మద్దతున్న జాతివృక్షాన్ని ఇస్తుంది. ఈ పద్ధతిని నల్లబల్ల మీద సుద్దముక్కతో వివరించవచ్చు. నాకు బాగా నచ్చిన గుణం అదే. ఆదేశాలను టైపు చేయవలసి రావడం మాత్రం కొత్తవారికి ఇబ్బంది.

అసలు లోటు సంకరం విషయంలో ఉంది. మన ఒంగోలు పశువుల సంతతి అయిన బ్రెజిల్ నెలోర్ జాతినే చూడండి. ఇక్కడి మూపురమున్న ఆబోతులతో అక్కడి మూపురం లేని ఆవులను సంకరం చేసినందువల్ల, పైకి నిండైన మూపురం కనిపిస్తున్నా, తల్లి నుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏ చాలా పశువులలో మూపురం లేని జాతిదే. ఇలా ఒక జాతి జన్యువులు మరో జాతిలోకి చేరడాన్ని (జన్యుప్రవాహాన్ని) ఆస్ట్రల్ లెక్కలోకి తీసుకోదు కనుక, సంకరం జరిగిందన్న అనుమానం ఉన్నచోట దీని ఫలితంతోనే సరిపెట్టుకోకుండా, వంశ జాలకాలను, అంటే విడిపోయిన కొమ్మలు మళ్లీ కలవడాన్ని కూడా చూపే వంశచిత్రాలను గీసే సాధనాలను కూడా వాడాలి.