కుజుడి మెలికకు మూడు లెక్కలు: ఏది మేలు?

2024 డిసెంబరు మొదటి వారం. రాత్రి పది దాటాక డాబా ఎక్కి చూస్తే కుజుడు పుష్యమి తారల గుంపు పక్కనే ఉన్నాడు. ఒక తెల్లకాగితం మీద పుష్యమినీ, పునర్వసు జంట తారలనూ గుర్తు పెట్టుకుని, వారానికోసారి కుజుడున్న చోట చుక్క పెడుతూ వచ్చాను. మొదట్లో కొత్త చుక్క దాదాపు పాత చుక్క మీదే పడింది. ఆ తర్వాత వెనక్కి నడక మొదలైంది. జనవరి నడిమికి పునర్వసు తారలు రెండూ వెలవెలబోయేంత ఎర్రగా, ధగధగా మండుతూ వాటి దాపునకు వచ్చాడు. ఫిబ్రవరి ఆఖరులో మళ్లీ ఆగి, ఏమీ ఎరగనట్టు ముందుకు మళ్లాడు. చుక్కలన్నీ కలిపితే కాగితం మీద ఒక మెలిక తేలింది. మన పంచాంగాల్లో వక్రగతి అనేది దీన్నే. జూన్‌లో మబ్బులు తెరిపి ఇచ్చిన ఒక సాయంత్రం చూస్తే అదే కుజుడు మఖ నక్షత్రం పక్కన, దాని కన్నా ఏమాత్రం ఎక్కువ వెలుగు లేకుండా, నీరసంగా ఉన్నాడు.

గ్రీకు ఖగోళజ్ఞులకు నిద్ర లేకుండా చేసింది ఈ మెలికే. ఆకాశంలో తిరిగేవన్నీ వృత్తంలోనే, ఒకే వేగంతోనే తిరగాలని వాళ్ల పట్టుదల. మరి కుజుడు ఆగడమేమిటి, వెనక్కి నడవడమేమిటి? వాళ్లు చెప్పిన జవాబుల్లో మూడింటిని పక్కపక్కన పెట్టి చూడాలని నా కోరిక. ఒకటి యూడాక్సస్‌ది, క్రీ.పూ. 4వ శతాబ్దం. రెండోది సేమోస్ దీవివాడైన అరిస్టార్కస్‌ది, క్రీ.పూ. 3వ శతాబ్దం. మూడోది అలెగ్జాండ్రియాలో ఉండిన క్లాడియస్ టాలమీది, క్రీ.శ. 150 ప్రాంతం. సూర్యుడి చుట్టూ భూమి తిరుగుతుందన్నది ఆ మధ్యవాడే కాబట్టి ఆయనే గెలిచాడని మనకు ఇప్పుడు తెలుసు. ఆ తెలివిని కాసేపు పక్కన పెట్టండి. మీరు క్రీ.శ. 150లో అలెగ్జాండ్రియాలో ఉన్నారు. టెలిస్కోపు లేదు, న్యూటన్ ఇంకా పుట్టలేదు. చేతిలో నా కాగితం లాంటిది ఒకటుంది. ఎవరి మాట నమ్ముతారు?

యూడాక్సస్ మాట ఎక్కువసేపు నిలవదు. ఆయన ఊహ మాత్రం ముచ్చటైనది. నట్టనడుమ భూమి, దాని చుట్టూ ఉల్లిపొరల్లా ఒకదానిలో ఒకటి గోళాలు, ఒక్కో గోళం ఇరుసు ఒక్కో వైపు వాలి ఉంటుంది. అవన్నీ కలిసి తిరిగితే లోపలి గోళానికి అంటుకున్న గ్రహం ఆకాశంలో ఎనిమిది అంకె లాంటి మెలిక గీస్తుంది. మొత్తం 27 గోళాలతో పని ముగించాడు. ఆయన తర్వాతి ఖగోళజ్ఞుడు కాలిపస్ వాటిని 34 చేశాడు, అరిస్టాటిల్ 55 దాకా పెంచాడు. గోళాలు పెరిగాయి గానీ జబ్బు నయం కాలేదు. గ్రహం ఎప్పుడూ భూమికి అంతే దూరంలో ఉంటే జనవరిలో మండిపోయిన కుజుడు జూన్‌కల్లా పదో వంతు వెలుగైనా లేకుండా ఎలా పోతాడు? చంద్రుడు ఒకసారి సూర్యుణ్ణి పూర్తిగా కప్పి, ఇంకోసారి చుట్టూ కంకణం మిగిల్చి ఎలా వదిలేస్తాడు? ఈ అభ్యంతరాలు గ్రీకులే లేవనెత్తారు. కాబట్టి యూడాక్సస్‌కు ఇక్కడే నమస్కారం.

అరిస్టార్కస్ సంగతి వేరు. సూర్యుణ్ణి నడుమ పెట్టి భూమిని తిప్పితే కుజుడి వెనకనడకకు ఏ యంత్రాంగమూ అక్కర్లేదు. పక్క పట్టాల మీద నెమ్మదిగా పోతున్న గూడ్సుబండిని మన రైలు దాటుతున్నప్పుడు అది వెనక్కి పోతున్నట్టు కనిపిస్తుంది, అంతే. దాటే సమయంలో దగ్గరగా ఉంటాం కాబట్టి వెలుగు కూడా అప్పుడే ఎక్కువ. ఒక్క దెబ్బకు రెండూ తేలిపోయాయి.

ఆయనకు మతం అడ్డుపడిందని మనవాళ్లు సులువుగా అనేస్తారు. క్లియాంథిస్ అనే తాత్వికుడు ఈయన మీద దైవద్రోహం మోపాలన్నట్టు గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు, నిజమే. విచారణ జరిగినట్టు మాత్రం ఎక్కడా లేదు. అసలు అడ్డంకి ఆకాశంలోనే ఉంది. ముఖం ముందు వేలు నిలబెట్టి ఒక్కో కన్నూ మూసి చూడండి, వేలు అటూ ఇటూ గెంతుతుంది. భూమి అంత పెద్ద చుట్టు తిరుగుతుంటే ఆరు నెలల తేడాతో చూసినప్పుడు దగ్గరి నక్షత్రాలు దూరపు వాటి ముందు అలాగే జరగాలి. జరగలేదు. నక్షత్రాలు ఊహకందనంత దూరంలో ఉన్నాయి కాబట్టే కనిపించదని అరిస్టార్కస్ జవాబు. ఆ సంగతి మనకు చేరింది కూడా ఆయన రాతలో కాదు, ఆర్కిమెడీస్ రాసిన ‘ఇసుకరేణువుల లెక్క’ అనే పుస్తకంలో. జవాబు అక్షరాలా సరైనదే. కానీ ఆ కదలికను జర్మన్ ఖగోళజ్ఞుడు బెసెల్ కొలిచింది 1838లో, అదీ కోణ సెకనులో (డిగ్రీలో 3600వ వంతు) మూడో వంతు కన్నా తక్కువ. రెండు వేల ఏళ్ల తర్వాత రుజువు చూపిస్తాను, ఇప్పటికి నమ్మండి అంటే మీరైతే నమ్ముతారా?

ఇంకో లోటు నాకు దీనికన్నా పెద్దదిగా తోస్తుంది. వసంత విషువత్తు (పగలూ రాత్రీ సమానమయ్యే రోజు) నుంచి వేసవి అయనాంతం (పగలు అన్నిటికన్నా పొడవైన రోజు) దాకా 94½ రోజులు, అక్కడి నుంచి శరద్విషువత్తుకు 92½ రోజులు అని క్రీ.పూ. 2వ శతాబ్దపు గ్రీకు ఖగోళజ్ఞుడు హిపార్కస్ లెక్కగట్టాడు. సూర్యుడు సరిగ్గా నడుమ ఉన్న వృత్తంలో భూమి ఒకే వేగంతో తిరిగితే ఈ తేడా రాదు. వచ్చే నెల కుజుడు ఎక్కడుంటాడని అడిగినా అరిస్టార్కస్ పేరున మనకు ఒక్క పట్టికా లేదు.

టాలమీ దగ్గరున్నవి సరిగ్గా ఆ పట్టికలే. ఆల్మజెస్ట్ అని అరబ్బుల పేరుతో నిలిచిపోయిన ఆయన గ్రంథం 13 భాగాలు. వెయ్యికి పైగా నక్షత్రాల జాబితా, 48 నక్షత్రరాశులు, గ్రహానికో పట్టిక. తేదీ చెప్పి వరుసలు కూడుకుంటే గ్రహం చోటు వచ్చేస్తుంది. యంత్రాంగం తెలియాలంటే ఎగ్జిబిషన్‌లో కప్పూ సాసర్ల ఆట దగ్గరికి వెళ్లండి. పెద్ద పళ్లెం తిరుగుతుంటుంది, దాని మీద ఒక్కో కప్పు తనంతట తాను తిరుగుతుంటుంది. పళ్లెం నడుమ నిలబడి, కప్పులో కూర్చున్న మీ పిల్లవాణ్ణే చూడండి. కప్పులో అవతలి అంచున ఉన్నప్పుడు వాడు జోరుగా ముందుకు పోతాడు. మీ వైపు అంచుకు వచ్చినప్పుడు ఒక్క క్షణం వెనక్కి పోతున్నట్టు కనిపిస్తాడు, ముఖం కూడా పెద్దగా కనిపిస్తుంది. జనవరి నాటి కుజుడు ఇంతే: వెనకనడక, వెలుగు, రెండూ ఒకేసారి.

ఇక్కడ ఒక అపవాదు తుడవాలి. టాలమీ చక్రం మీద చక్రం, దాని మీద ఇంకో చక్రం పేర్చుకుంటూ పోయాడని బడిలో నాకూ చెప్పారు. అది కట్టుకథ. గ్రహానికి ఆయన వాడింది ప్రధానంగా ఒకే చిన్న చక్రం. నిజానికి ఆయన వేసిన అతుకు వేరే ఉంది. భూమిని పెద్ద చక్రం కేంద్రంలో పెట్టలేదు, కాస్త పక్కకు జరిపాడు. కేంద్రానికి రెండో పక్క అంతే దూరంలో ఒక ఖాళీ బిందువు పెట్టి, అక్కడి నుంచి చూస్తేనే వేగం సమంగా ఉంటుందన్నాడు. దీని పేరు ఈక్వెంట్. 16వ శతాబ్దంలో సూర్యుణ్ణి మళ్లీ నడుమకు తెచ్చిన కోపర్నికస్‌కు ఇదంటే ఒళ్లుమంట. సమవేగ వృత్తం అన్న పవిత్ర సూత్రానికి ద్రోహమని దాన్ని పీకేశాడు. చిత్రమేమిటంటే టాలమీ లెక్కల్లో నిజానికి అతి చేరువైన ముక్క అదే. గ్రహం తిరిగేది దీర్ఘవృత్తంలోననీ, దానికి ఉండే రెండు నాభుల్లో ఒకదాని దగ్గర సూర్యుడుంటాడని 1609లో కెప్లర్ చూపించాడు. ఖాళీగా ఉన్న రెండో నాభి నుంచి చూస్తే గ్రహం వేగం దాదాపు సమంగానే కనిపిస్తుంది. కుజుడికి టాలమీ పెట్టిన జరుగుబాటు 60లో 6 వంతులు, అంటే 0.1. ఇవాళ మనం ఇచ్చే ఉత్కేంద్రత (సూర్యుడు కక్ష్య కేంద్రం నుంచి ఎంత పక్కకు ఉన్నాడో చెప్పే అంకె) విలువ 0.093.

ఇంతకన్నా విచిత్రం ఇంకొకటి. కుజుడి పెద్ద చక్రం వ్యాసార్ధం 60 అనుకుంటే చిన్న చక్రానిది 39½ అని టాలమీ తేల్చాడు. ఆ 60ని 39½తో భాగించండి: 1.519. సూర్యుడి నుంచి భూమి దూరం 1 అయితే కుజుడి సగటు దూరం 1.524. శుక్రుడికి లెక్క తిరగబడుతుంది. అక్కడ చిన్న చక్రం 60కి 43 చిల్లర, అంటే 0.72. శుక్రుడి అసలు దూరం 0.723. కుజ, గురు, శనుల చిన్న చక్రాల వ్యాసార్ధం ఎప్పుడూ భూమి నుంచి సూర్యుడున్న దిశకు సమాంతరంగా ఉండాలన్న నియమం కూడా ఆయన పట్టికల్లోనే ఉంది. సౌరకుటుంబం కొలతలన్నీ ఆయన చేతిలోనే ఉన్నాయి, ఇన్ని గ్రహాలు సూర్యుడి వైపు ఎందుకు చూస్తున్నాయన్న ప్రశ్న మాత్రం వేసుకోలేదు. తాళంచెవి జేబులో పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది.

టాలమీకి మచ్చలు లేవని కాదు. ఆయన లెక్క ప్రకారం చంద్రుడి దూరం నెలలో దాదాపు సగానికి సగం మారాలి. అలాగైతే అర్ధచంద్రుడు ఒక్కోసారి రెండింతలు కనిపించాలి. పిల్లవాడు కూడా పట్టేసే తప్పు అది, పైగా ఆయన దాని గురించి నోరు మెదపలేదు. తానే చూశానన్న ఒక శరద్విషువత్తు అసలు సమయానికి ఒక రోజుకు పైగా తేడాగా ఉంది, హిపార్కస్ సంవత్సరమానానికి మాత్రం చక్కగా సరిపోయింది. చూసి రాశాడా, రాసి చూశాడా అని పండితులు ఇప్పటికీ తగువులాడుకుంటారు. నక్షత్రాల గోళం 20,000 భూవ్యాసార్ధాల దూరంలో ఉందన్నాడు. నిజానికి సూర్యుడే 23,000 పైచిలుకు దూరంలో ఉన్నాడు. ఆయన విశ్వమంతా మన సూర్యుడి దాకా కూడా రాలేదన్నమాట.

భూమి తన చుట్టూ తాను తిరిగితే మబ్బులూ పక్షులూ వెనకబడిపోతాయన్నది ఆయన వాదన. ఇది మనకు పరాయిది కాదు. పడవలో పోయేవాడికి గట్టు వెనక్కి పోతున్నట్టే నిలిచి ఉన్న నక్షత్రాలు కదులుతున్నట్టు కనిపిస్తాయని ఆర్యభటుడు అంటే, మరి పక్షులు గూళ్లకు ఎలా చేరతాయని వరాహమిహిరుడు దాదాపు అదే అభ్యంతరం చెప్పాడు. భూమిని తన చుట్టూ తాను తిప్పిన ఆర్యభటుడు కూడా గ్రహాల లెక్కకు వచ్చేసరికి భూమి చుట్టూ చక్రాలనే వాడాడు, మంద, శీఘ్ర సంస్కారాలంటే అవే. 18వ శతాబ్దంలో సవాయి జైసింగ్ ఆస్థానంలో జగన్నాథ సమ్రాట్ ఆల్మజెస్ట్‌ను అరబ్బీ నుంచి సంస్కృతంలోకి తెచ్చాడు. ఇప్పటికీ పండగ ఏ రోజని దృక్ పంచాంగం వాళ్లూ, పూర్వ పద్ధతి వాళ్లూ తగువుపడినప్పుడల్లా తేలాల్సింది ఒక్కటే: లెక్క ఆకాశంతో కలుస్తోందా, లేదా?

క్రీ.శ. 150లో ఆ కొలబద్దతో చూస్తే నా ఓటు టాలమీకే, సంకోచం లేదు. అరిస్టార్కస్ సరైన మాట చెప్పాడు, కానీ తప్పని తేల్చడానికి వీలిచ్చే అంకె ఒక్కటీ ఇవ్వలేదు. టాలమీ తప్పు బొమ్మ గీశాడు, అయితే ప్రతి గీత మీదా కొలత రాశాడు. ఆ కొలతలే కోపర్నికస్‌కు పెట్టుబడి. 1610లో ఈ తీర్పు మారిపోతుంది. గెలీలియో టెలిస్కోపులో శుక్రుడు చంద్రుడిలాగే కళలు మారుస్తూ, పున్నమి దాకా నిండుతూ కనిపించాడు. టాలమీ అమరికలో శుక్రుడు ఎప్పుడూ సూర్యుడికి ఇవతలే ఉంటాడు కాబట్టి అలా నిండడం కుదరదు. ఆ రాత్రుల తర్వాత కూడా టాలమీని పట్టుకుని వేళ్లాడిన వాళ్ల మీద నాకు జాలి లేదు.

పాత కాగితం ఇంకా దాచాను. 2027 ఫిబ్రవరిలో కుజుడు మళ్లీ వక్రించి, సరిగ్గా మఖ నక్షత్రం దాపునే ఉంటాడు. 2025 జూన్‌లో ఆ తారకు సమానంగా మినుకుమన్నవాడు ఈసారి దాని పక్కనే నిప్పుకణికలా ఉంటాడు. కొత్త కాగితం మీద మఖను ముందే గుర్తు పెట్టి ఉంచాను.