ఎం.ఓ.టి. చరిత్ర చదివి కారు కొనడం: పదేళ్ల వాడకం తరువాత నా సమీక్ష

బ్రిటన్‌లో సెకండ్ హ్యాండ్ కారు కొనబోయేవారి కోసం ప్రభుత్వం ఉచితంగా అందుబాటులో ఉంచిన ఎం.ఓ.టి. అనే వార్షిక కారు పరీక్షల చరిత్రను నేను దాదాపు పదేళ్లుగా వాడుతున్నాను. నా కోసం రెండు కార్లు, తెలిసిన కుటుంబాల కోసం పదిహేను దాకా కార్లు దీనిని చదివే ఎంపిక చేశాను. కారును చూడడానికి వెళ్లకముందే, ఇంట్లో కూర్చుని, ప్రభుత్వ వెబ్‌సైటులో నంబరు ప్లేటు మీద ఉన్న నంబరు కొట్టి ఆ కారు బాగోగులు తెలుసుకునే ఇంతటి సాధనం మరొకటి నేను చూడలేదు. అయితే ఇది చెప్పేది ఎంత ముఖ్యమో, చెప్పనిది కూడా అంతే ముఖ్యమని నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఎం.ఓ.టి. అంటే కారు రోడ్డు మీద తిరగడానికి తగిన స్థితిలో ఉందో లేదో తేల్చే వార్షిక పరీక్ష. రవాణా మంత్రిత్వ శాఖ పేరులోని మొదటి అక్షరాలతో 1960లో మొదలైన ఈ పేరు, ఆ శాఖ పేరు మారినా అలాగే నిలిచిపోయింది. కారు మొదటిసారి రిజిస్టరైన మూడేళ్లకు తొలి పరీక్ష, ఆ తరువాత ఏటా ఒకటి తప్పనిసరి. ఉత్తర ఐర్లాండ్‌లో మాత్రం తొలి పరీక్ష నాలుగేళ్లకు. కారుకు గరిష్ఠ రుసుము 54.85 పౌండ్లు. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లలో 2005 నుంచి జరిగిన పరీక్షల ఫలితాలు, ఆ రోజు మీటరు రీడింగు, తప్పడానికి కారణాలు, పరీక్షకుడు చేసిన హెచ్చరికలు అన్నీ వరుసగా కనిపిస్తాయి.

మన ఊళ్లలో సొంత కారుకు ఇటువంటి ఏటేటి పరీక్ష లేదు. పొల్యూషన్ సర్టిఫికెట్ సంగతి పక్కన పెడితే, పదిహేనేళ్లు నిండి ఆర్.సి. రెన్యూవల్‌కు వెళ్లే వరకు ఫిట్‌నెస్ మాటే రాదు. అందుకే అక్కడి నుంచి వచ్చిన మనం కారు కొనేటప్పుడు ఇంజిన్ శబ్దం విని, పెయింటు చూసి, నమ్మకమైన మెకానిక్ మాట మీద నిర్ణయం తీసుకుంటాం. 2015లో నేనూ అలాగే ఒక డీజిల్ కారు కొన్నాను. అమ్మినవారు పన్నెండు నెలల ఎం.ఓ.టి. ఉందని చెప్పారు, అది నిజమే. ఏడాది తిరిగి మళ్లీ పరీక్షకు తీసుకువెళితే, సస్పెన్షన్ బిగించి ఉండే చోట కారు అడుగు భాగాన్ని తుప్పు తినేసిందని ఫెయిల్ చేశారు. వెల్డింగుకు చెప్పిన ఖర్చు, నేను కారుకు పెట్టిన ధరలో సగం దాటింది. ఆ రాత్రి మొదటిసారి చరిత్ర తెరిచి చూస్తే, నేను కొనడానికి ముందు నాలుగేళ్ల పాటు వరుసగా అదే చోట తుప్పు గురించి హెచ్చరికలు ఉన్నాయి. వాటిని చదవడానికి అయిదు నిమిషాలు చాలేవి.

పాస్ సర్టిఫికెట్ పరీక్ష జరిగిన రోజు కారు స్థితిని మాత్రమే చెబుతుంది. కారు ఎంత నమ్మదగినదో చెప్పేవి దాని కింద రాసే హెచ్చరికలు, అంటే అడ్వైజరీలు. 2018 మే 20 నుంచి లోపాలను ప్రమాదకరం, పెద్దది, చిన్నది అని మూడు తరగతులుగా విభజించారు. మొదటి రెండింటిలో ఏది ఉన్నా కారు తప్పినట్లే. చిన్న లోపాలతోనూ అడ్వైజరీలతోనూ కారు పాసవుతుంది. ఇప్పటికి పరవాలేదు గానీ కనిపెట్టి ఉండండి అని పరీక్షకుడు యజమానికి రాసే మాట అడ్వైజరీ. ఆ మాటను యజమాని విన్నాడా లేదా అన్నది మరుసటి ఏడాది నమోదులో తెలిసిపోతుంది. నేను చదివేది ప్రధానంగా దీనినే.

2017 వేసవిలో నేను రెండు కార్ల మధ్య తేల్చుకోవలసి వచ్చింది. రెండూ 2009 నాటి చిన్న పెట్రోలు కార్లే. ఒకటి హోండా జాజ్, 52,000 మైళ్లు తిరిగింది. రెండోది దానికంటే 5,000 మైళ్లు తక్కువ తిరిగింది, ధర కూడా 600 పౌండ్లు తక్కువ. మా ఆవిడకు రెండోదే నచ్చింది, ఎందుకంటే లోపల కొత్తదానిలా ఉంది. జాజ్ చరిత్రలో ఆరు పరీక్షలు ఉన్నాయి. 2014లో ముందు టైర్లు అరిగి చట్టం అనుమతించే కనీస లోతైన 1.6 మిల్లీమీటర్లకు దగ్గరపడ్డాయని ఉంది; 2015లో ఆ మాట లేదు. 2016లో ముందు బ్రేకు డిస్కులు అరిగాయని ఉంది. 2017లో అదీ లేదు. ఒక్కసారి కూడా తప్పలేదు. రెండో కారులో 2014లో టైర్ల హెచ్చరిక ఉంది, 2015లో అవే టైర్ల మీద కారు తప్పింది. 2016లో సస్పెన్షన్ ఆర్మ్ బుష్ (ఆర్మ్ బిగించే చోట ఉండే రబ్బరు ముక్క) అరిగిందని, బ్రేకు పైపులకు తుప్పు మొదలైందని హెచ్చరించారు; 2017లో ఆ బుష్ మీదే తప్పి, అదే రోజు మరమ్మతు చేయించుకుని పాసయింది. అంటే ఆ యజమాని తప్పనిసరి అయ్యేదాకా ఏ పనీ చేయించలేదు. పరీక్షలో కనిపించే టైర్ల విషయంలోనే అలా ఉన్న మనిషి, ఎవరికీ కనిపించని ఇంజిన్ ఆయిల్‌ను వేళకు మార్పించి ఉంటాడని నేను నమ్మలేకపోయాను. 600 పౌండ్లు ఎక్కువ ఇచ్చి జాజ్ తీసుకున్నాం. ఏడేళ్ల పాటు వాడాము. టైర్లు, బ్రేకులు, బ్యాటరీ వంటి అరిగిపోయే సామాను తప్ప పెద్ద ఖర్చు రాలేదు.

కాబట్టి అడ్వైజరీలు ఎన్ని ఉన్నాయన్న లెక్క కంటే ఎటువంటివన్నది చూడాలి. టైర్లు, బ్రేకు ప్యాడ్లు, వైపర్లు, బల్బులు వాడే కొద్దీ అరిగేవే. ఒకే వైపు ముందు టైరు లోపలి అంచు మాత్రమే ఏటేటా అరుగుతోందని రాస్తే మాత్రం, చక్రాల అలైన్‌మెంటు తప్పిందో, ఎక్కడో గట్టిగా గుద్దుకుందో అని ఆరా తీయాలి. ఆయిల్ కారుతోంది గానీ ఎక్కువగా లేదు అన్న మాట రెండు మూడేళ్లు వరుసగా ఉంటే, ఆ కారును ఎత్తి కింద చూపించమని అడుగుతాను.

నేను అన్నిటికంటే భయపడేది తుప్పుకే. చలికాలంలో మంచు పేరుకోకుండా ఇక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అది అడుగు భాగానికి అంటుకుని లోహాన్ని తింటుంది. టైరు మారిస్తే హెచ్చరిక పోతుంది, తుప్పు మాత్రం దానంతట అది పోదు. ఒక ఏడాది మూడు చోట్ల తుప్పు అని రాసి, మరుసటి ఏడాది ఒక్క మాట కూడా లేకపోతే, వెల్డింగు చేయించిన బిల్లు ఉందా అని అడగాలి. బిల్లు లేకపోతే నల్లటి పూత పూసి కప్పేశారేమో, లేదా వేరే కేంద్రంలో అంత నిశితంగా చూడలేదేమో అని అనుమానించవలసిందే. పరీక్ష ఎక్కడ జరిగిందో తెలియాలంటే కారు లాగ్‌బుక్, అంటే వి5సి అనే రిజిస్ట్రేషన్ పత్రం మీది నంబరు కావాలి. అమ్మేవారిని అడిగితే ఇవ్వడానికి అభ్యంతరం ఉండకూడదు. బ్రేకు పైపులకు గ్రీజు పూసి ఉంది, అడుగున కవర్లు ఉండడం వల్ల కొన్ని భాగాలు కనిపించలేదు వంటి వాక్యాలను చాలామంది దాటేస్తారు. అవి లోపాలు కావు, కానీ అక్కడి వరకు పరీక్షకుడి చూపు వెళ్లలేదని వాటి అర్థం.

మీటరు రీడింగుల విషయానికి వస్తే, ముందుగా ఒక మాట. మనకు మైలేజీ అంటే లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందన్నది. ఇక్కడ ఆ మాటకు కారు ఇప్పటివరకు తిరిగిన దూరం అని అర్థం. రీడింగు ఏటా పెరుగుతూ వచ్చి ఒక్కసారిగా తగ్గితే మీటరు తిప్పారని అనుమానించాలి. అయితే ఒక్క ఏడాది మాత్రమే తగ్గి, మరుసటి ఏడాది మళ్లీ పాత వరుసలోకి వస్తే అది టైపింగు పొరపాటు అయి ఉండవచ్చు. తగ్గిన చోటి నుంచే లెక్క సాగితే ఆ కారును వదిలేయాలి. ఏడాదికి వెయ్యి మైళ్లు కూడా తిరగని డీజిల్ కారును చూసి సంతోషపడనక్కరలేదు, ఎందుకంటే కొద్దిదూరపు ప్రయాణాలతో పొగ వడపోసే ఫిల్టరు మసితో మూసుకుపోతుంది.

తేదీల మధ్య ఖాళీని కూడా తొందరపడి తప్పుపట్టకూడదు. కోవిడ్ కారణంగా 2020 మార్చి 30 నుంచి జులై 31 వరకు గడువు ముగిసే కార్లకు ఆరు నెలల వెసులుబాటు ఇచ్చారు. ఆ ఏడాది పరీక్ష ఆలస్యమైనంత మాత్రాన యజమానిది అశ్రద్ధ కాదు.

ఈ చరిత్రకు ఉన్న పెద్ద పరిమితి నాకు 2022లో బాధాకరంగా తెలిసింది. గుంటూరు నుంచి చదువుకోవడానికి వచ్చిన ఒక కుర్రాడు ఒక ఆటోమేటిక్ కారు నంబరు పంపి, "అన్నా, ఒకసారి చూసి చెప్పవా" అని అడిగాడు. చరిత్ర చక్కగా ఉంది, నేను తీసుకోమన్నాను. నాలుగు నెలలకు గేరు బాక్సు పోయింది. ఎం.ఓ.టి.లో క్లచ్, గేరు బాక్సు, ఇంజిన్ లోపలి స్థితి పరీక్షించరన్న సంగతి నాకు తెలుసు, కానీ ఆ రోజు నేను ఆ అబ్బాయికి చెప్పలేదు. పార్ట్‌టైమ్ పనిచేసి కూడబెట్టుకున్న డబ్బు అది. అప్పటి నుంచి సర్వీసు బిల్లులు చూడకుండా, కారు చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి ఇరవై నిమిషాలు నడపకుండా, ఎవరికీ తీసుకోమని చెప్పడం లేదు. చరిత్ర బాగా లేని కారును ఇంటి నుంచే వదిలేస్తాను. బాగున్న కారును మాత్రం వెళ్లి చూస్తాను.

2024లో మా జాజ్‌ను అమ్మకానికి పెట్టినప్పుడు వచ్చిన పెద్దాయన, కారు చుట్టూ తిరగకముందే ఒక కాగితం తీశారు. మా కారు చరిత్ర అంతా దాని మీద ముద్రించుకుని వచ్చారు. 2022లో వెనుక బ్రేకు పైపు తుప్పు గురించి ఉన్న హెచ్చరిక దగ్గర పెన్సిలుతో గీత గీసి ఉంది. దాని సంగతి ఏమిటని అడిగారు. ఆ పైపు మార్పించిన బిల్లు తెచ్చి చేతికిచ్చాను. తేదీ చూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, తాళం చెవి ఇవ్వమన్నారు.