అచ్చుతప్పు దిద్దితే వీడియో మారుతుంది: మార్ప్, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లతో మూడేళ్లు

డిప్లొమా పిల్లలకు ఎలక్ట్రికల్ పాఠాలు చెబుతాను. ఒకప్పుడు స్లైడులో ఒక్క అచ్చుతప్పు దొర్లితే పాఠమంతా మళ్లీ రికార్డు చెయ్యాల్సి వచ్చేది. మూడేళ్లుగా పాఠాన్ని మార్క్‌డౌన్‌లో, అంటే చిన్న చిన్న గుర్తులు పెట్టి రాసే మామూలు టెక్స్ట్ ఫైల్లో రాస్తున్నాను. మూడు అడ్డగీతలు పెడితే కొత్త స్లైడు. మార్ప్ అనే ప్రోగ్రాం దాన్ని పీఎన్‌జీ బొమ్మలుగా మారుస్తుంది, వీడియోలు తయారుచేసే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ వాటికి నా గొంతు కలిపి హెచ్‌ఎల్‌ఎస్ ముక్కలుగా, అంటే నెట్‌లో ఒక్కొక్కటిగా అందే చిన్న వీడియో ఫైళ్లుగా కోస్తుంది. తప్పు కనిపిస్తే ఆ లైను దిద్ది స్క్రిప్టు నడుపుతాను. టీ తాగి వచ్చేసరికి వీడియో సిద్ధం.

మార్ప్ మీద ఫిర్యాదుల్లేవు. బొమ్మలు తియ్యడానికి క్రోమ్ లాంటి బ్రౌజర్‌నే వాడుకుంటుంది కాబట్టి వత్తులు చక్కగా కూర్చుంటాయి. ఓసారి కొత్త సర్వర్‌లో తెలుగు ఫాంటు వెయ్యడం మరిచిపోయాను, పాఠం నిండా ఖాళీ డబ్బాలే! నోటో సాన్స్ తెలుగు వేశాక సర్దుకుంది.

అసలు తలనొప్పి ముక్కలు కోసే దగ్గరే. మనం చెప్పకపోతే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ప్లేలిస్టులో (ముక్కల జాబితాలో) చివరి 5 ముక్కలే ఉంచుతుంది. లైవ్‌కి అది సరే. నాకా సంగతి తెలీక మొదటి పాఠం అలాగే పెట్టేశాను. "సార్, పాఠం చివర్నుంచి మొదలవుతోంది" అని పిల్లలే చెప్పారు. ప్లేలిస్టు రకం వీఓడీ (లైవ్ కాదు, ముందే తీసిపెట్టిన వీడియో) అని రాస్తే ఆ గొడవ పోయింది.

తర్వాత 6 సెకన్ల ముక్కలు అడిగితే 10 సెకన్లవి వచ్చాయి. ముక్క కీఫ్రేమ్ దగ్గరే, అంటే వేరే ఫ్రేముల సాయం లేకుండా పూర్తిగా దాచిన ఫ్రేము దగ్గరే తెగుతుంది. వీడియోను కుదించే ఎక్స్264 మామూలుగా 250 ఫ్రేముల దాకా కీఫ్రేమ్ లేకుండా పోగలదు, సెకనుకు 25 ఫ్రేములైతే లెక్క 10 సెకన్లేగా. పైగా స్లైడు మారినచోట తనంతట తనే ఇంకోటి పెడుతుంది, దాంతో ముక్కలన్నీ ఎగుడుదిగుడు. ప్రతి 6 సెకన్లకూ కీఫ్రేమ్ తప్పనిసరి చేశాకే దారికొచ్చింది. ఇంకో సంగతి: పీఎన్‌జీల నుంచి నేరుగా వీడియో తీస్తే నా ల్యాప్‌టాప్‌లో ఆడింది, చాలా ఫోన్లలో ఆడలేదు. పిక్సెల్ ఫార్మాట్ (రంగులు దాచే పద్ధతి) వైయూవీ420పీ అని చెప్పాల్సిందే.

డేటా తక్కువ ఉన్న పిల్లల కోసం 360పీ (తక్కువ స్పష్టత ఉన్న చిన్న వీడియో) కూడా తీస్తాను. అందులో 'ధ' అడుగున గీత మాయమై 'ద' అయిపోయేది. ధనావేశం కాస్తా దనావేశం! బిట్‌రేటు (సెకనుకు వాడే డేటా) పెంచి చూశాను, లాభం లేకపోయింది. చివరికి అక్షరాలే పెద్దవి చేసి, స్లైడుకు 6 లైన్లు మించకూడదని నియమం పెట్టుకున్నాను. పాఠాలు కూడా దాంతో బాగుపడ్డాయి, అది నేను అనుకోని లాభం.

మీటర్ విప్పి చూపించే పాఠాలకు ఈ పద్ధతి దండగ, కెమెరా పట్టుకోవాల్సిందే. ఏ స్లైడు ఎన్ని సెకన్లు నిలవాలో కూడా ఇంకా చేత్తోనే రాసుకుంటున్నాను. గొంతు పని తగ్గుతుందని రాసింది పైకి చదివే ఈస్పీక్ ఎన్‌జీ ప్రోగ్రాంతో ఒక పాఠం తెలుగులో చదివించి చూశాను. మర్నాడే మళ్లీ మైకు బయటికి తీశాను.