కింద పోర్షన్ అద్దెకు చూసేవాళ్లు జాగ్రత్త: కొత్త రంగు చూసి అడ్వాన్స్ ఇవ్వకండి

పాలకొల్లులో కాలువ గట్టు వైపు ఆ మూడంతస్తుల ఇంటి కింద పోర్షన్‌కి మళ్లీ టు లెట్ బోర్డు పెట్టారు. అద్దె తక్కువ, స్కూలు దగ్గర అని చాలామంది అడుగుతున్నారట. దయచేసి తీసుకోకండి. ఇంట్లో చిన్నపిల్లలు గానీ ఆయాసం ఉన్న పెద్దవాళ్లు గానీ ఉంటే అసలే వద్దు.

మేం మే నెలలో చేరాం. అప్పుడు కాలువలు కట్టేసి ఉన్నాయి, నేలంతా ఎండి ఉంది, గోడలకి కొత్త రంగు. కాలువలకి నీళ్లు వదిలి వానలు మొదలయ్యాక అసలు రంగు బయటపడింది. శ్రావణం వచ్చేసరికి హాలు గోడకి నేల నుంచి నడుము ఎత్తు దాకా చెమ్మ ఎక్కింది. దాని మీద తెల్లగా ఉప్పు. వేలు పెడితే పుట్టీ పొడిపొడిగా రాలేది. బీరువా జరిపి చూస్తే వెనక గోడంతా నల్ల చుక్కల బూజు. లోపల నా పెళ్లి పట్టుచీర మడతల్లోనూ అదే. మా పాపకి రాత్రిళ్లు దగ్గు.

ఓనర్ గారికి ఎన్నిసార్లు చెప్పినా ‘వానలు తగ్గనివ్వండమ్మా’ అనే మాటే. చివరికి పెయింటర్‌ని వెంటబెట్టుకుని వచ్చారు. ఆ పెద్దాయన గోడ మీద అరచెయ్యి ఆనించి, ‘ఇది ఏటా ఉండేదేనండి. ఎండల్లో గీకి, పుట్టీ పెట్టి రంగేసేస్తాం. మీ ముందున్నవాళ్లూ ఇందుకే ఖాళీ చేశారు’ అన్నాడు. ఓనర్ గారు పక్కనే నిలబడి ఉన్నారు. కాదనలేదు. ‘నీ పని నువ్వు చూసుకోవయ్యా’ అన్నారంతే. నాకు ఒళ్లు మండిపోయింది. పాపని ఎత్తుకుని ఇల్లు చూడ్డానికి వెళ్లిన రోజు ‘చెమ్మ ఏమైనా వస్తుందాండీ’ అని నేను నోరు తెరిచి అడిగాను. ‘ఇంత పొడి ఇల్లు ఈ చుట్టుపక్కల దొరకదమ్మా’ అన్న మనిషి ఈయనే.

ఖాళీ చేసేటప్పుడు ఇంకా దారుణం. 40 వేల అడ్వాన్స్‌లో 18 వేలు పెయింటింగ్ ఖర్చని పట్టుకున్నారు. ‘మీరు కిటికీలు తీయరు, తడిబట్టలు లోపలే ఆరేస్తారు, బూజు మీవల్లే’ అన్నారు. గాలి ఆడకపోయినా బూజు వస్తుంది, నిజమే. కానీ అది ఎక్కువగా పై మూలల్లో, కిటికీ అంచుల్లో పడుతుంది. నేల నుంచి పైకి ఎక్కి, ఉప్పు గీతతో ఆగిందంటే పునాది నుంచి వచ్చే తడే. డీపీసీ, అంటే నేల తడి గోడలోకి ఎక్కకుండా పునాది మీద వేసే అడ్డుపొర, సరిగా వేయకపోతే ఇలాగే అవుతుంది. బ్లీచింగ్ పెట్టి తుడిచినా మళ్లీ వస్తుంది. దాన్ని బాగుచేయించాల్సింది ఇల్లు కట్టినవాళ్లా, అద్దెకున్నవాళ్లా? చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో దగ్గు, ఉబ్బసం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే చెప్పింది. ఇది గోడ అందం గొడవ కాదు, పిల్లల ఊపిరి సంగతి.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చూడండి. ఓనర్‌కి తెలిసి, మామూలుగా చూస్తే మనకి కనపడని లోపం ఏదైనా ఉంటే ముందే చెప్పాలి. మామూలు వాడకంలో వచ్చే అరుగుదలకి అద్దెకున్నవాళ్లు బాధ్యులు కారు. అయితే రిపేర్లు ఓనరే చేయించాలన్న సంగతి అగ్రిమెంట్‌లో లేకపోతే ఆ చట్టంతో గట్టిగా అడగడం కష్టం. అందుకే 11 నెలల అగ్రిమెంట్ అయినా సరే ‘చెమ్మ, లీకేజీ రిపేర్లు ఓనర్‌వే’ అని ఒక్క లైను రాయించుకోండి. చేరిన రోజే గోడలన్నీ ఫొటో తీయండి. ఫిర్యాదు నోటితో కాకుండా వాట్సాప్‌లో పెట్టండి. వీలైతే ఇల్లు వానాకాలంలో చూడండి.

మేం లాయర్‌తో నోటీసు పంపిస్తున్నాం. ఇంతకుముందు ఆ పోర్షన్‌లో ఉండి ఖాళీ చేసినవాళ్లు ఎవరైనా ఇది చదివితే మెసేజ్ చేయండి. మీ దగ్గర ఆ హాలు గోడ ఫొటో ఒక్కటున్నా మాకు చాలా పనికొస్తుంది.