చలికాలంలో సైకిల్: మందపాటి జాకెట్ ఒకటి మేలా, పలచటివి రెండు మేలా?

చలి మొదలైతే చాలు, సైకిల్ తొక్కేవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. మందపాటి జాకెట్ ఒకటి కొనేస్తే సరిపోతుందా, లేక లోపలొకటి పైనొకటి పలచటివి వేసుకోవాలా? నేను రెండు రకాలుగానూ తొక్కి చూశాను. ఈసారి కొత్తవి కొనుక్కోవాల్సి వచ్చినప్పుడు పలచటివాటికే మొగ్గాను. ఎందుకో కాస్త వివరంగానే చెప్తాను. మందపాటి జాకెట్ ఎవరికి నప్పుతుందో కూడా చెప్తాను, అలాంటివాళ్లూ చాలామందే ఉన్నారు.

చలిలో ఊరికే నిలబడ్డ మనిషికి ఉన్న ఇబ్బంది ఒక్కటే, ఒంట్లో వేడి బయటికి పోవడం. సైకిల్ మీద ఉన్న మనిషికి దానికి తోడు ఇంకో రెండు వచ్చి చేరతాయి. మొదటిది గాలి. ఆకు కదలని పొద్దున కూడా గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే అంత వేగంతోనూ ఎదురుగాలి మొహాన కొడుతుంది. వాతావరణ శాఖలు వాడే విండ్ చిల్ లెక్క ప్రకారం ఆ గాలిలో 10 డిగ్రీలు ఒంటికి 7 డిగ్రీల్లా, 0 డిగ్రీలు మైనస్ 6లా తగులుతాయి.

రెండోది మన ఒంట్లోనే పుట్టే వేడి. కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో పెడల్ దాకా చేరేది ఐదోవంతు నుంచి నాలుగోవంతు మాత్రమే. మిగతాదంతా వేడిగా మారిపోతుంది. అంటే పెడల్ మీద 100 వాట్లు పెట్టి తొక్కుతుంటే ఒంట్లో 300 నుంచి 400 వాట్ల వేడి పుడుతున్నట్టు. ఇంత వేడిని దింపుకోవడానికి శరీరానికి తెలిసిన మార్గం చెమట పట్టడం. బయట ఎంత చలిగా ఉన్నా సరే, లోపల వేడెక్కితే చెమట పట్టాల్సిందే. నా దృష్టిలో చలికాలం సైకిల్ బట్టల విషయం తేలేది ఇక్కడే. ఆ చెమట ఎటు పోతుంది?

మందపాటి జాకెట్ వేసుకుని ఓ అరగంట గట్టిగా తొక్కి ఇంటికొచ్చాక దాన్ని విప్పి లోపలి వైపు ఒకసారి చూడండి. వీపు మధ్యలో లైనింగ్ నల్లగా తడిసి ఉంటుంది. మోచేతి మడత దగ్గర గుడ్డ చర్మానికి అంటుకుపోయి, చెయ్యి బయటికి లాగుతుంటే దానితోపాటు తిరగబడి వస్తుంది. తొక్కుతున్నంతసేపూ వేడి పుడుతూనే ఉంటుంది కాబట్టి ఆ తడి పెద్దగా తెలియదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడో, పెద్ద ఎత్తు ఎక్కి అవతలికి దిగుతున్నప్పుడో తెలుస్తుంది. పెడల్ తొక్కడం ఆగింది, వేడి తగ్గింది, దిగుడైతే వేగం కూడా పెరిగింది, ఒంటికి మాత్రం తడిగుడ్డ అంటుకుని ఉంది. ఇక వణుకు మొదలవుతుంది.

బట్ట మనల్ని వెచ్చగా ఉంచేది తన పోగుల మధ్య పట్టి ఉంచిన కదలని గాలితోనే. ఆ ఖాళీల్లోకి నీళ్లు చేరితే ఇంకేముంది, నీరు గాలికంటే దాదాపు 25 రెట్లు తేలిగ్గా వేడిని లాగేస్తుంది. పైగా ఆ నీరు ఆవిరవ్వడానికి కావలసిన వేడినీ ఒంటి నుంచే తీసుకుంటుంది. అందుకే "ఇంత మందం జాకెట్ వేసుకున్నా చలేసిందేంటి" అని ఎవరైనా అడిగితే, ఇంకా మందమైనది కొనుక్కోమని నేను చెప్పను. లోపలి బనీను తడిసిందా అని అడుగుతాను. చాలాసార్లు తడిసిందనే చెప్తారు.

పలచటివి రెండు వేసుకునే పద్ధతిలో ఒక్కోదానికి ఒక్కో పని. ఒంటికి ఆనుకుని ఉండేది చెమటను చర్మం మీద నిలవనివ్వకూడదు. పైన వేసుకునేది గాలిని ఆపాలి. చలి మరీ ఎక్కువైతే మధ్యలో పలచటి ఫ్లీస్, అంటే మెత్తటి నూగున్న సింథటిక్ బట్ట, ఒకటి చేరుతుంది. ఫ్లీస్ వెచ్చగా ఉంటుంది కానీ గాలి దానిలోంచి దూసుకుపోతుంది, అందుకని సైకిల్ మీద దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోలేం.

పైన వేసుకునేదాంట్లో నాకు బాగా నచ్చింది చేతుల్లేని విండ్‌చీటర్. ముందు వైపు గాలి చొరని గుడ్డ, వీపు వైపు సన్నటి జాలీ. చూడ్డానికి ఏమంత చలి ఆపేదానిలా ఉండదు. గుప్పిట్లో పట్టేంత చిన్నగా మడిచి జేబులో పెట్టుకోవచ్చు. కానీ సైకిల్ మీద గాలి ఎక్కువగా తగిలేది ఛాతీకి, పొట్టకి. వీపు వైపు గాలి తాకిడి తక్కువ, చెమట మాత్రం అక్కడే ఎక్కువ. కాబట్టి ముందు తలుపు వేసి వెనక కిటికీ తెరిచి ఉంచినట్టు పనిచేస్తుంది ఈ విండ్‌చీటర్. టూర్ డి ఫ్రాన్స్ లాంటి రేసుల్లో పాతకాలం రైడర్లు కొండ పైకి చేరగానే రోడ్డు పక్క నిలబడ్డవాళ్ల దగ్గర న్యూస్‌పేపర్ తీసుకుని, దిగేముందు జెర్సీలో ఛాతీ మీదికి దోపుకునేవాళ్లు. నాలుగు కాగితాలకు ఏం మందం ఉంటుంది? ముందు నుంచి వచ్చే గాలి ఆగితే చాలని వాళ్లకు తెలుసు.

జిప్పు విషయం కూడా చెప్పాలి, కొనేటప్పుడు ఎవరూ దీన్ని పట్టించుకోరు. ఎత్తు ఎక్కేముందు ఛాతీ దాకా దించడం, దిగేముందు గొంతు దాకా లాగడం, ఈ రెండు పనులూ సైకిల్ ఆపకుండా ఒంటిచేత్తో జరగాలి. గ్లోవ్ వేసుకున్న వేళ్లకు జిప్పు చివరి చిన్న రేకు అందదు. దానికి వేలెడు పొడవున దారం ముడేసి ఉంచుకుంటే తడుముకోకుండా దొరుకుతుంది. చెమట మొదలయ్యాక జిప్పు తీయడం కంటే మొదలవ్వకముందే తీయడం మంచిది. మందపాటి జాకెట్‌కీ జిప్పు ఉంటుంది కదా అంటారు. ఉంటుంది. కానీ అది తెరిస్తే ఛాతీకి చల్లగాలి సూటిగా తగులుతుంది, వీపు దగ్గర ఉడుకు అలాగే ఉంటుంది. తీసేద్దామా అంటే పెట్టుకోవడానికి చోటుండదు.

ఇక ఒంటికి ఆనుకునే బనీను. కాటన్ వద్దు, అందులో చర్చ లేదు. నీళ్లు పీల్చుకుని గంటలకొద్దీ ఆరదు. మిగిలింది పాలిస్టర్ థర్మల్, మెరినో జాతి గొర్రెల సన్నటి ఉన్ని. ఈ రెండింటి మధ్య ఎంపిక అంత తేలిక కాదు. పాలిస్టర్ పోగు తన బరువులో ఒక శాతం నీటిని కూడా లోపలికి తీసుకోదు. చెమట పోగుల మీదుగా పాకి పైకి వెళ్లి త్వరగా ఆరిపోతుంది. ఉన్ని పోగు తన బరువులో దాదాపు మూడోవంతు ఆవిరిని లోపలే దాచుకుంటుంది, అయినా చేత్తో ముట్టుకుంటే తడి తెలియదు. అలా పీల్చుకునేటప్పుడు కాస్త వేడి కూడా విడుదల చేస్తుంది. పూర్తిగా తడిస్తే మాత్రం ఆరడానికి పాలిస్టర్ కంటే ఎక్కువ సమయం పడుతుంది.

కాబట్టి ఆగకుండా గట్టిగా తొక్కేవాళ్లకు పాలిస్టరే మంచిది. మధ్యమధ్యలో ఆగుతూ, ఆఫీసుకి వెళ్లి సాయంత్రం అదే బట్టతో తిరిగి రావాల్సినవాళ్లకు ఉన్ని. చల్లబడ్డా ఒంటికి జిల్లుమనిపించదు, రెండు మూడు రోజులు వరసగా వాడినా వాసన రాదు. నేను ఉన్నినే ఎంచుకున్నాను. ఖరీదెక్కువ, మోచేతుల దగ్గర త్వరగా పలచబడుతుంది, పెట్టెలో జాగ్రత్తగా దాచకపోతే పురుగు కొరుకుతుంది. అయినా వదులుకోలేను. రెండింటిలో ఏది తీసుకున్నా ఒంటికి అతుక్కుని ఉండే సైజే తీసుకోండి. వదులుగా ఉంటే చెమటను అందుకోలేదు.

వాన జాకెట్‌నే చలికి వాడేద్దామని చాలామంది అనుకుంటారు. నీటిని లోపలికి రానివ్వని గోర్‌టెక్స్ లాంటి పొరలున్నవి ఆవిరిని కొంత బయటికి పంపుతాయి, కానీ సైకిల్ తొక్కేటప్పుడు వచ్చే చెమటకు అది చాలదు. వాన పడితే వేసుకోండి, లేకపోతే బ్యాగులో ఉంచండి. ఈకల జాకెట్ ఆగినప్పుడు కప్పుకోవడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. తడిస్తే అణిగిపోయి వెచ్చదనం పోతుంది కాబట్టి తొక్కడానికి పనికిరాదు.

మరి మందపాటి జాకెట్ ఎవరికి? పది నిమిషాల దూరం నింపాదిగా తొక్కేవాళ్లకు అదే హాయి. చెమట పట్టేలోపే చేరిపోతారు, దానికోసం ప్రత్యేకంగా బట్టలు కొనడం దండగ. మోటార్ సాయంతో నడిచే ఎలక్ట్రిక్ సైకిల్ మీద వెళ్లేవాళ్లకూ అంతే, వేగం ఉంటుంది, గాలి ఉంటుంది, ఒంట్లో పుట్టే వేడి మాత్రం తక్కువ. సున్నాకి బాగా దిగువన చలి ఉండే చోట్ల అందరికీ మందం కావాల్సిందే. పెద్దవయసు వాళ్లు, సన్నగా ఉండి తొందరగా చలేసేవాళ్లు కూడా నా మాట విని మరీ పలచగా బయల్దేరొద్దు.

ఇంటి గుమ్మం దాటగానే కాస్త చలేయాలి. పది నిమిషాలు తొక్కాక సర్దుకోవాలి. గుమ్మం దగ్గరే వెచ్చగా ఉంటే ఒకటి ఎక్కువ వేసుకున్నట్టు.

చేతుల సంగతి వేరు. ఒళ్లు చల్లబడితే శరీరం ముందుగా కాపాడుకునేది మధ్యభాగాన్నే, వేళ్లకు వెళ్లే రక్తాన్ని తగ్గించేస్తుంది. అందుకే ఛాతీకి గాలి ఆపితే చేతులకు కూడా మేలు జరుగుతుంది. అయితే హ్యాండిల్ పట్టుకున్న చేతులు కదలవు, నేరుగా గాలికి ఎదురుగా ఉంటాయి కాబట్టి వాటికి మందం అవసరమే. ఐదు వేళ్ల గ్లోవ్ మేలా, వేళ్లన్నీ కలిసి ఉండేది మేలా అంటే, వెచ్చదనానికి రెండోదే. రెండేసి వేళ్లు కలిసి ఉండే గ్లోవ్స్ వస్తాయి, వాటితో బ్రేక్ కూడా బాగా అందుతుంది, గేరు మార్చడం కూడా కుదురుతుంది. కొనేముందు తొడుక్కుని, చేతిని బ్రేక్ పట్టుకున్నట్టు వంచి చూడండి. మెటికల దగ్గర గుడ్డ బిగుసుకుంటే పెద్ద సైజు తీసుకోండి. బిగుతుగా ఉన్న గ్లోవ్ రక్తాన్ని అడ్డుకుంటుంది, అది ఎంత మందమైనదైనా వేళ్లు కొంకర్లు పోతాయి. కొంకర్లు పోయిన వేళ్లతో బ్రేక్ వేయడం ఆలస్యమవుతుంది, అందుకే దీన్ని తేలిగ్గా తీసుకోవద్దంటాను. వేళ్లు ప్రతిసారీ తెల్లగా పాలిపోయి తిమ్మిరెక్కుతుంటే గ్లోవ్స్ మార్చుకుంటూ కూర్చోకుండా డాక్టర్‌కి చూపించండి. హ్యాండిల్‌కే తగిలించే తొడుగులు కూడా ఉన్నాయి. చూపుకి ఆనకపోయినా గడ్డకట్టే చలిలో ఏ గ్లోవూ వాటికి సాటి రాదు.

కాళ్లకు రెండు జతల సాక్స్ వేస్తే షూ బిగిసి అదే రక్తం సమస్య వస్తుంది. ఒక్క ఉన్ని సాక్స్, షూ మీద గాలి ఆపే తొడుగు, ఇది చాలు. మోకాళ్లు మూసి ఉండాలి. చీలమండల దగ్గర మెరిసే పట్టీ ఉంటే ఇంకా మంచిది, చలికాలం త్వరగా చీకటి పడుతుంది, పైకీ కిందికీ కదిలే మెరుపు డ్రైవర్ల కంట్లో ఇట్టే పడుతుంది. తలకి హెల్మెట్ కింద చెవులు మూసే పలచటి పట్టీ చాలు. ఒంటి వేడిలో సగం తలలోంచే పోతుందన్న మాట నిజం కాదు, తల వాటా దాదాపు పదోవంతే. మందపాటి టోపీ పెడితే హెల్మెట్ సరిగ్గా కూర్చోదు, అది ప్రమాదం.

వెనక సీట్లో పిల్లల్ని కూర్చోబెట్టుకుని వెళ్లేవాళ్లు మాత్రం పైన చెప్పిందంతా తిరగేసుకోవాలి. మీరు తొక్కుతున్నారు, మీకు వేడి పుడుతోంది. పిల్లలు కదలకుండా కూర్చుని ఉంటారు. మీకు చెమట పడుతున్న సమయానికే వాళ్లు చల్లబడిపోతుంటారు, నిద్రపోతే ఇంకా త్వరగా. వాళ్లకు మందపాటి జాకెట్, కాళ్ల మీద గాలి చొరని దుప్పటి, చేతులకు వేళ్లు కలిసి ఉండే గ్లోవ్స్ తప్పనిసరి. మీ ఒంటి వేడిని బట్టి వాళ్ల చలిని అంచనా వేయొద్దు. మధ్యలో ఒకసారి ఆగి, గ్లోవ్ తీసి, కాలర్ కింద మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. అక్కడ చల్లగా తగిలితే ఇంకోటి కప్పాలి.