క్లాస్ 2 ప్రెజర్ స్టాకింగ్స్: రెండు రోహిణి కార్తెలు దాటాక

తీర్పు ముందే చెప్పేస్తున్నా. మోకాలి కిందివరకు వచ్చే, వేళ్ల దగ్గర తెరిచి ఉండే క్లాస్ 2 స్టాకింగ్స్, అంటే కాలిని బిగించి పట్టే సాగే మేజోళ్లు, సాయంత్రం పూట కాళ్ల బరువును, వాపును బాగా తగ్గిస్తాయి. ఉబ్బిన నరాల్ని మాత్రం మాయం చెయ్యవు. తొడగని రోజు వాపు మళ్లీ హాజరు. ఈ సంగతి తెలిసి కొంటే డబ్బు దండగైందని అనిపించదు.

మనం నరాలంటాం గానీ అవి సిరలు. కదలకుండా నిలబడితే చీలమండ దగ్గర సిరల్లో ఒత్తిడి సుమారు 90 మి.మీ. పాదరసం. నడిస్తే పిక్క కండ పిండినట్టు రక్తాన్ని పైకి తోస్తుంది, ఒత్తిడి 30 లోపుకు దిగుతుంది. సిరల్లోని కవాటాలు చెడితే తోసిన రక్తం మళ్లీ కిందికే జారుతుంది. ఒంగోలు బస్టాండు టీ మాస్టరుకైనా, నెల్లూరు బట్టల కొట్లో సేల్స్‌మన్‌కైనా పొద్దుగూకేసరికి కాళ్లు బరువెక్కేది అందుకే. క్లాస్ 2 అంటే చీలమండ దగ్గర 23–32 మి.మీ. నొక్కు, పైకి పోయేకొద్దీ తగ్గుతుంది. గొట్టంలాంటి మామూలు ఎలాస్టిక్ బ్యాండేజీకి ఈ లెక్కేమీ ఉండదు.

కొలతలు పొద్దున్నే, వాపు ఎక్కకముందే తియ్యాలి: చీలమండ పైన సన్నటి చోట, పిక్క లావు చోట, నేల నుంచి మోకాలి మడత కిందికి పొడవు. సాయంత్రం షాపులో కొలిపిస్తే వదులు జత చేతికొస్తుంది. చెప్పుల నంబరు అడిగి ఇచ్చే షాపు నుంచి మాట్లాడకుండా వచ్చెయ్యండి.

తొడగడమే అసలు పరీక్ష. లేవగానే తొడగాలి, కాలు తడి లేకుండా. స్టాకింగ్‌ను మడమ దాకా లోపలివైపు బయటికి తిప్పి, పాదం దూర్చి, మడమ సరిగ్గా కూర్చున్నాక కొంచెం కొంచెంగా పైకి నెట్టాలి. అంట్లు తోమే రబ్బరు గ్లవ్స్ వేసుకుంటే పట్టు దొరుకుతుంది, గోళ్లు దిగవు. పాదానికి ముందు పల్చటి ప్లాస్టిక్ కవరు తొడిగితే జారుతుంది. తర్వాత వేళ్ల వైపు నుంచి కవరు లాగెయ్యొచ్చు. పైన మిగిలిందని మడిచారో, ఆ మడత తాడు కట్టినట్టు బిగిసి వాపు పెంచుతుంది.

ఎండాకాలంలో దురద తప్పదు. రెండు జతలుండాలి, రోజూ సబ్బునీళ్లలో ఉతికి, పిండకుండా నీడన ఆరెయ్యాలి. కొబ్బరినూనె పొద్దున వద్దు, రాత్రి విప్పాక రాసుకోండి. నూనె సాగుడును చంపేస్తుంది. సుమారు ఆరు నెలలకు, తొడగడం మరీ సులువైపోయిందంటే పట్టు పోయినట్టే.

అందరికీ ఇవి పనికిరావు. ఒంగోలుది పొగాకు పండే జిల్లా, కాల్చేవాళ్లూ తక్కువేం కాదు. వాళ్లలో కాలికి రక్తం తెచ్చే ధమనులు పూడి ఉంటే ఈ నొక్కు కాలికే ముప్పు. నడిస్తే పిక్క పట్టేయడం, పాదం చల్లబడటం ఉంటే, షుగరుతో పాదం మొద్దుబారితే, ముందు డాక్టరు చేత చీలమండ, చెయ్యి బీపీ పోల్చే పరీక్ష చేయించుకోవాలి.

పాత సిరల జబ్బు, కొత్త ముప్పు తేడా తెలియాలి. పాతదైతే వాపు రాత్రి పడుకుంటే చాలావరకు తీస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ చీలమండ లోపలివైపు చర్మం గోధుమరంగుకు తిరిగి, దురద, గట్టిదనం, చివరికి మానని పుండు. పైకి కనిపించే సిర ఎర్రగా, తాడులా గట్టిపడి నొప్పెడితే అందులో రక్తం గడ్డకట్టినట్టు; గజ్జ వైపు పాకుతుంటే ఆ రోజే స్కాన్ చేయించాలి. ఒక్క కాలే ఒకట్రెండు రోజుల్లో వాచి, వేడెక్కి, పిక్క నొప్పెడితే, ముఖ్యంగా ఆపరేషన్, కాన్పు, సిమెంటు కట్టు, సుదీర్ఘ ప్రయాణం తర్వాత, లోపలి సిరలో గడ్డ ఉందేమోనని అనుమానించాలి. స్టాకింగ్ తొడిగి చూద్దాం అనుకోవద్దు, నూనె పెట్టి మర్దనా అసలే వద్దు. కలర్ డాప్లర్ (సిరల్లో రక్తం పారే తీరు చూపే స్కాన్) చేయించాలి. దానికి తోడు ఆయాసం, ఛాతీనొప్పి, దగ్గులో రక్తం కనిపిస్తే గడ్డ ఊపిరితిత్తులకు చేరి ఉండొచ్చు. స్కాన్ సెంటర్ వెతుక్కోకుండా 108కి ఫోన్ చెయ్యండి.