మా చెల్లి పెళ్లి ఆల్బమ్, మా నాన్న రంగు

హన్మకొండ చౌరస్తాకు దగ్గర్లో ఉన్న ఒక ఫోటో స్టూడియో గురించి ఇది. పేరు రాయడం లేదు. చుట్టుపక్కల ఇంకో రెండు చోట్ల అడిగి చూశాను, అక్కడా ఇలాగే ఫోటోల్లో ముఖాలు తెల్లగా చేస్తారట. ఒక్కడి పేరే పెట్టి తిడితే అన్యాయం.

ప్యాకేజీ 85 వేలు. రెండు కెమెరాలు, వీడియో, డ్రోన్, 40 షీట్ల కరిజ్మా ఆల్బమ్. ముందు మంచి చెబుతాను. కుర్రాళ్లు చెప్పిన టైముకు వచ్చారు. జీలకర్ర బెల్లం పెట్టే క్షణాన్ని సరిగ్గా పట్టుకున్నారు. తలంబ్రాల ఫోటోలో ఒక బియ్యపు గింజ మా చెల్లి కనురెప్ప మీద ఆగి ఉంది, అది చూసి ఇంట్లో అందరం మురిసిపోయాం. భోజనాల దగ్గర నోట్లో ముద్ద ఉండగా కెమెరా పెట్టి ఎవరినీ విసిగించలేదు. 45 రోజుల్లో ఇస్తామన్న ఆల్బమ్ మూడు నెలలకు ఇచ్చారు. అది మన దగ్గర మామూలే కాబట్టి దానికి మార్కులు తీయను.

అసలు గొడవ 14వ షీటుతో. కన్యాదానం. నాన్న ఇత్తడి పళ్లెంలో అల్లుడి కాళ్లు కడుగుతున్నాడు. మా నాన్న ఎనుమాముల మార్కెట్లో ముప్పై ఏళ్లు దడవాయిగా, అంటే సరుకు తూచే మనిషిగా, చేశాడు. పుట్టుకతోనే నలుపు, ఆపైన కాంటా పక్కన నిలబడ్డ ఎండ. ఆల్బమ్‌లో ఆయన ముఖం గోధుమపిండి రంగులో ఉంది. మెడ దగ్గర గీత గీసినట్టు ఆ రంగు ఆగిపోయింది. పళ్లెంలో చేతులు మాత్రం ఆయనవే. చెల్లి కూడా అంతే: ముఖం పాలమీగడ, పారాణి పెట్టిన పాదాలు చామనఛాయ. నాన్న అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, "ఈ సారు ఎవలు బిడ్డా?" అన్నాడు. నవ్వించడానికే అన్నాడు. ఎవరం నవ్వలేదు. అమ్మ ఒక్కతే "మంచిగనే ఉన్నది గద" అంది.

అమ్మను ఏమనగలను? నేను పుట్టినప్పుడు చూడ్డానికి వచ్చినవాళ్లు "కర్రెపిల్ల" అని పెదవి విరిచిన సంగతి ఆమె ఇప్పటికీ చెబుతుంది. ఎనిమిదో తరగతి నుంచి నాకు ఫెయిర్ అండ్ లవ్లీ రాసింది. 1975లో వచ్చిన ఆ క్రీము 2020లో పేరు మార్చుకుని గ్లో అండ్ లవ్లీ అయింది. అమ్మ కిరాణా షాపులో ఇంకా పాత పేరే అడుగుతుంది, ఆయన కూడా మారు మాట్లాడకుండా తీసిస్తాడు.

ఆల్బమ్ పట్టుకుని వెళ్లాను. కంప్యూటర్ ముందున్న కుర్రాడికి ఇరవై రెండేళ్లుంటాయేమో, తనదీ నా రంగే. "అక్కా, ముఖం మీద ఒక్క క్లిక్ కొడితే స్మూత్, వైట్ రెండూ అయితయి. అందరికీ కొడతం. ఇంకింత తెల్లగ చెయ్యమని వస్తరు గని, తగ్గించమని ఎవ్వలు రాలే" అన్నాడు. అబద్ధం కాదని నాకు తెలుసు. నా సంబంధాలప్పుడు పంపిన ఫోటో కూడా అలాంటిదే. రెండు చోట్ల అబ్బాయి తరఫువాళ్లు నన్ను చూసి, ఫోటో చూసి, మళ్లీ నన్ను చూశారు.

ఒరిజినల్ తెరిపించాను. నాన్న ముఖం నిజంగానే చీకట్లో ఉంది, కళ్లు కనబడటం లేదు. అది ముఖం తప్పు కాదు. ఎదురుగా తెల్ల పంచె, తెల్ల కండువా ఉంటే కెమెరా వాటిని చూసి వెలుగు తగ్గించుకుంటుంది, నల్లటి ముఖం ఇంకా మునిగిపోతుంది. పక్కనుంచి ఒక లైటు పట్టుకుంటే సరిపోయేది. ఇదేం కొత్త జబ్బు కాదు. ఫిల్ము రీలు రోజుల్లో రంగులు సరిచూసుకోమని కోడాక్ ల్యాబులకు పంపిన కార్డుల మీద ఉండేది తెల్ల అమ్మాయి. ముదురు రంగులు సరిగా రావడం లేదని చాక్లెట్ కంపెనీలు, చెక్క సామాను కంపెనీలు గొడవ చేశాక ఫిల్ము బాగుపడిందని చదివాను. నాన్నకు చెబితే "చాక్లెట్ నయం" అన్నాడు.

నేను అక్కడ కూర్చుని ఉండగా ఎన్ఐటీలో చదివే ఆఫ్రికా అబ్బాయి ఒకడు పాస్‌పోర్ట్ సైజు ఫోటోకి వచ్చాడు. నా పక్క కుర్చీలో కూర్చోబోతుంటే నా చేయి దానంతటదే వెళ్లి, మా ఇద్దరి మధ్య ఉన్న హ్యాండ్‌బ్యాగును ఒళ్లోకి లాక్కుంది. అతను చూశాడు. చూసి గోడ మీది పెళ్లికూతుళ్ల ఫోటోల వైపు తిరిగాడు. కంప్యూటర్ కుర్రాడు అలవాటుగా అతని ముఖం మీదా క్లిక్ కొట్టాడు. "నో, నో, సేమ్ కలర్ బ్రదర్" అన్నాడు అతను, ఏమాత్రం కోపం లేకుండా. పాస్‌పోర్టు ఫోటోలో ముఖం రంగు మార్చకూడదు కదా. సంబంధాల ఫోటోకి అలాంటి నిబంధన లేదు. అతను డబ్బులిచ్చి వెళ్లేదాకా బ్యాగు నా ఒళ్లోనే ఉంది. మళ్లీ పక్కన పెడితే ఇంకా అసహ్యంగా ఉంటుందనిపించింది.

తర్వాత కుర్రాడు మా పని పట్టాడు. ఇక్కడ మెచ్చుకోవాలి, పని వచ్చినవాడు. ఒక్కో ఫోటోకి ఇరవై నిమిషాలు కూర్చున్నాడు. నీడ మాత్రం తగ్గించి రంగు ముట్టుకోలేదు. నాన్న నుదుటి మీద చెమట, మీసంలో నెరిసిన వెంట్రుకలు, కళ్లలో తడి, అన్నీ బయటికొచ్చాయి. "ఇది మస్తుంది అక్కా" అని వాడే అన్నాడు. బైండింగ్ విప్పితే పాడవుతుందని తొమ్మిది షీట్లు చిన్న ఆల్బమ్‌గా వేరే వేశారు. దానికి 3,600 అడిగారు, గొడవపడితే 1,800కి దిగారు. తప్పు వాళ్లదైనప్పుడు అదీ తీసుకోకూడదు.

ఇంటికి ఎవరొచ్చినా అమ్మ పెద్ద ఆల్బమే తీస్తుంది. చిన్నది నాన్న బీరువాలో పట్టా పాస్‌బుక్ పక్కన పెట్టుకున్నాడు.

ఐదుకు మూడు ఇస్తాను. మీరు ఏ స్టూడియోకి వెళ్లినా, ముఖం రంగు మార్చొద్దని బుకింగ్ రోజే బిల్లు వెనకాల రాయించుకోండి, నోటిమాట పనిచేయదు. ప్రింటుకు పంపకముందే 15 ఫోటోలు కంప్యూటర్ మీద చూడండి. ఆదివారం మాత్రం వెళ్లొద్దు, బండి పెట్టుకోను జాగా దొరకదు.